కణముల మరణశాసనము



నేడు నేను చేయదలచినది చావును గూర్చిన ప్రసంగము. వినుటకు అశుభముగా దోచినను ఒక్క పావుగంట ఓపిక పట్టుడని వేడుచున్నాను. మన దేహము నిలుచుట కొరకే అందలి కణములు కొన్ని ప్రతిదినమును చచ్చుచున్నవి. ముదిమిచేతనో, దెబ్బచేతనో, ఆకలిచేతనో చచ్చుట గాదు. తమలోపలనే వ్రాయబడియున్న యొక శాసనమును అనుసరించి, వేళ వచ్చినప్పుడు తమంతట తామే చచ్చును. ఆ శాసనము చెల్లినంతకాలము మనకు క్షేమము. చెల్లని చోట రాచపుండు, అనగా క్యాన్సరు, పుట్టుటకు దారి యేర్పడును.

ఇటుకలతో ఇల్లు కట్టినట్లు కణములతో దేహము కట్టబడినదని మీరు వినియే యుందురు. ప్రతి కణమునందును తల్లిదండ్రులనుండి సంక్రమించిన వ్రాత గలదు. ఆ వ్రాతలో ఒక్కొక్క పనికి సంబంధించిన భాగమును జన్యువు అందురు. జన్యువు చెప్పిన ప్రకారము కణము ఒక్కొక్క మాంసకృత్తును తయారుచేసికొనును. చెప్పునది జన్యువు, చేయునది మాంసకృత్తు. ఇంతమాత్రము జ్ఞాపకమున్నచో తక్కిన కథ తెలియుట కష్టము గాదు.

తల్లిగర్భమున శిశువు చేయి మొదట తెడ్డువలె నుండును. వ్రేళ్లనడుమనున్న కణములు చచ్చిపోగా వ్రేళ్లు విడివడును. బాతుకాలియందు ఆ చావు మిక్కిలి తక్కువ; అందుచేతనే వ్రేళ్లమధ్య తోలు నిలిచి దానికి ఈతకు పనికివచ్చుచున్నది. తోకకప్ప కప్పగా మారునపుడు తోక తెగిపడుట యెవరును చూచియుండరు. కణము వెంబడి కణము చచ్చి, కరగి, ఆ దేహములోనే కలసిపోవును. గోడ కట్టునపుడు పరంజా వేసి, పని ముగియగానే విప్పివేయుదురు గదా. ప్రకృతి చేయునదియు అట్టిదే. పెద్దవారమైన పిదప కూడ ఈ పని ఆగదు. మన దేహమునందు దినమునకు వేలకోట్ల కణములు చచ్చుచున్నవని శాస్త్రజ్ఞుల అంచనా. మన దేహమునే శత్రువని పొరబడి పైబడదగిన తెల్లకణములును పెరుగుచుండగనే ఈ విధముగా తొలగింపబడుచున్నవి. పోయినన్ని క్రొత్తవి పుట్టుచుండుటచేత మనకేమియు తెలియదు.

అన్ని చావులును ఒక్క విధమైనవి గావు. కాలినచోట, నలిగినచోట కణము ఉబ్బి పగులును. లోపలి ద్రవము నలుప్రక్కల చింది వాపు, ఎరుపు, నొప్పి కలుగును. ఆస్ట్రేలియా దేశీయుడగు జాన్ కెర్ అను వైద్యుడు 1960 తరువాత లండనునందు ఎలుకల కాలేయమును పరీక్షించుచుండగా వేరొక విధమగు చావును కనిపెట్టెను. అందు కణము ఉబ్బుటకు మారు ముడుచుకొనును. లోని వ్రాత ముక్కలు ముక్కలగును. కణమంతయు చిన్నచిన్న మూటలుగా విడిపోగా ప్రక్కకణములు ఆ మూటలను మ్రింగివేయును. చీము లేదు, వాపు లేదు, ఇరుగుపొరుగునకు బాధ లేదు. 1972వ సంవత్సరమున కెర్, వైలీ, కరీ అను మువ్వురు దీనిని గూర్చి యొక వ్యాసము ప్రకటించి, అబర్డీను విశ్వవిద్యాలయమున గ్రీకుభాష చెప్పు ఆచార్యుని అడిగి దానికి అపాప్టోసిస్ అని పేరుపెట్టిరి. చెట్టునుండి ఆకులు, పూవునుండి రేకులు రాలుటకు గ్రీకుభాషలో ఆ మాట చెల్లునట. పేరు పెట్టుటలో ఇంత ఔచిత్యము శాస్త్రజ్ఞులయందు తరచుగా కానరాదు.

పేరు కుదిరినదే గాని, ఈ చావు ఎవరి యాజ్ఞచేత జరుగుచున్నదో వెంటనే తెలియలేదు. అది తెలిపినది ఒక పురుగు.

ఆ పురుగు పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. క్రుళ్లిన ఆకులలోను, పండ్లలోను, మట్టిలోను బ్రతుకుచు సూక్ష్మజీవులను తిని జీవించును. సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అని దాని పేరు. పురుగుకంటె పేరే పొడవు. దాని దేహము గాజువలె పారదర్శకమగుటచేత లోపల జరుగునదంతయు ప్రాణముతో నుండగనే సూక్ష్మదర్శినితో చూడవచ్చును. గ్రుడ్డునుండి గ్రుడ్డు పెట్టువరకు మూడు నాలుగు దినములు చాలును. దక్షిణాఫ్రికాలో చెప్పులు బాగుచేయువాని కుమారుడై పుట్టి ఇంగ్లండునందలి కేంబ్రిడ్జికి చేరిన సిడ్నీ బ్రెన్నరు, 1963 ప్రాంతమున, ఈ యల్పజీవిని పట్టుకొన్నచో ప్రాణి యెట్లు నిర్మింపబడునో మొదటినుండి తుదివరకు తెలిసికొనవచ్చునని నిశ్చయించుకొనెను. అప్పట్లో అది అందరికిని యోగ్యమగు కార్యమని తోచలేదు.

ఆయన ప్రయోగశాలలో జాన్ సల్‌స్టన్ అను నతడు ఒక పని పూనెను. గ్రుడ్డులోని ఒక్క కణము రెండై, రెండు నాలుగై, ఏ కణమునుండి ఏ కణము పుట్టినదో వంశవృక్షము వ్రాయుట. మన పెద్దలు ఇంటి వంశావళి ఏడుతరములు చెప్పుటకే తడుముకొందురు. ఇత డొక ప్రాణిలోని ప్రతి కణమునకును వంశావళి వ్రాసెను. అందులో గ్రుడ్డులోపలి భాగమునకై సుమారు ఏడాదిన్నర కాలము, పూటకు నాలుగు గంటల చొప్పున దినమునకు రెండు పూటలు, సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి, చూచినదెల్ల రంగుల కలములతో కాగితముపై గీచుకొనెను. 1983లో ఆ వంశవృక్షము సంపూర్ణముగా ప్రకటింపబడినది. ఇట్టి ఓర్పును తలచుకొన్నపుడు ఆయనకు నేను మనసులోనే నమస్కరించుచుందును.

ఆ లెక్కలో తేలిన దేమనగా: స్త్రీపురుష లక్షణములు రెండును గల పురుగున బీజకణములు గాక పుట్టు కణములు 1,090, పెద్దదైన పురుగున మిగులునవి 959. తక్కిన 131 కణములును పుట్టి, చచ్చిపోవును. వానిలో 113 పురుగు గ్రుడ్డులో నుండగనే పోవును. వింత యేమనగా, ఏ పురుగును చూచినను అవే 131, అదే తావున, అదే వేళకు చచ్చుచుండెను. ఇది పొరబాటున జరుగు చావు కాదని, వ్రాత ప్రకారము జరుగు చావని దీనిచేత నిర్ధారణమయ్యెను. వ్రాత యున్నచో వ్రాసిన జన్యువు లుండవలెను గదా!

ఆ జన్యువులను వెదకి పట్టినవాడు అమెరికా దేశీయుడగు రాబర్టు హార్విట్జ్. ఇతడు మొదట గణితమును, అర్థశాస్త్రమును చదివి, పిదప జీవశాస్త్రమునకు వచ్చి, కేంబ్రిడ్జిలో సల్‌స్టనుతో కలసి పనిచేసి, స్వదేశమునకు మరలి తన ప్రయోగశాల పెట్టుకొనెను. వెదకిన ఉపాయము చెప్పదగినది. మామూలు పురుగులో చచ్చిన కణమును ప్రక్కకణములు గంటలోపల మ్రింగివేయును గనుక శవము కంటబడుట కష్టము. కాబట్టి మ్రింగు జన్యువు చెడిన పురుగులను ముందుగా తీసికొనిరి. అందు శవములన్నియు మిగిలి స్పష్టముగా కనబడును. ఆ పురుగులను మరల మందులతో కలచి, వేలకొలది సంతతిని పరీక్షించి, శవమే లేని పురుగు పుట్టునా యని చూచిరి. పుట్టెను. ఆ పురుగున 131 కణములును చావక బ్రతికియుండెను. అందు చెడిన జన్యువునకు సెడ్-3 అని పేరు. దాని తోడిదియగు సెడ్-4 చెడినను అట్లే యగును. 1986లో ఎల్లిస్, హార్విట్జ్ అనువారు ఈ రెంటిని ప్రకటించిరి. అనగా కణము చచ్చుటకు తన జన్యువుల సాయము కావలెను. ఆ జన్యువులు లేనిచో చావదు.

తరువాత మరి రెండు జన్యువులు తేలినవి. 1992లో తెలియవచ్చిన సెడ్-9 చావునకు అడ్డుపడునది. అది చెడినచో బ్రతుకవలసిన కణములును గుంపులు గుంపులుగా చచ్చి పురుగు పిల్లయే నశించును. అయితే సెడ్-9తో పాటు సెడ్-3 కూడ చెడిన పురుగు బ్రతికినది. కత్తియే లేనప్పుడు కావలివాడు లేకున్న నేమి? నాలుగవది ఎగ్ల్-1. దానికి ఆ పేరు గ్రుడ్లు పెట్టుటలోని లోపమునుబట్టి వచ్చినది. చావులో దాని పాత్ర 1998లో తెలిసినది.

ఈ నాలుగింటి సంబంధమును ఒక దృష్టాంతముతో చెప్పెదను. సెడ్-3 ఒరలోని కత్తి. అది కణములోని ముఖ్యమగు మాంసకృత్తులను కోయగలదు, గాని ఒరలో నున్నంతవరకు నిరపాయము. సెడ్-4 దానిని ఒరనుండి దూయు చేయి. సెడ్-9 ఆ చేతిని గట్టిగా పట్టుకొని కదలనీయని కావలివాడు. ఎగ్ల్-1 పైనుండి ఆజ్ఞాపత్రము తెచ్చు దూత. ఏ కణము చావవలెనో ఆ కణములో మాత్రమే ఎగ్ల్-1 మేలుకొనును, వచ్చి కావలివానిని ప్రక్కకు లాగును, చేయి విడివడును, కత్తి పైకి వచ్చును. కొద్దిసేపటిలో పని ముగియును. బ్రతుకుచున్న ప్రతి కణములోను కత్తి ముందే సిద్ధముగా నుండుట నాకు అన్నిటికంటె ఆశ్చర్యకరముగా తోచుచున్నది. కణము చావకుండుట యనగా, కావలివాడు పట్టు విడువకుండుటయే.

పురుగు సంగతి మన కెందుకని మీరు అడుగవచ్చును. 1993లో జూన్‌యింగ్ యువాన్ అను చైనా విదుషియు, హార్విట్జును, వారి సహచరులును సెడ్-3 వ్రాతను చదివి చూడగా, అది మనుష్యునిలో నప్పటికే తెలిసియున్న యొక కోత ఎంజైమును పోలియుండెను. అట్టివి మనలో పదికి పైగా నున్నవి. వానిని కాస్పేజులు అందురు. 1997లో షియావోడాంగ్ వాంగ్ బృందము సెడ్-4కు మనలోని జోడును కనుగొనెను. సెడ్-9 కావలివానికి మనలోని జోడు బీసీఎల్-2 అను మాంసకృత్తు. మనుష్యుని బీసీఎల్-2 జన్యువును పురుగులో ప్రవేశపెట్టగా పురుగులో చావవలసిన కణములు కొన్ని చావలేదు. పురుగు, మనుష్యుడు కోట్లకొలది సంవత్సరముల క్రిందట వేరుపడిన వంశములు. అయినను శాసనము ఒక్కటే. బ్రెన్నరు, సల్‌స్టను, హార్విట్జులకు 2002లో నోబెలు బహుమానము లభించినది దీనికే.

మనలో ఒక్క భేదము గలదు. పురుగులో కావలివాడు నేరుగా చేతిని పట్టుకొనును. మనలోనో, బీసీఎల్-2 మైటోకాండ్రియా యొక్క గోడను కాచును. మైటోకాండ్రియా యనగా కణమునకు శక్తి సమకూర్చు వంటయిల్లు అనుకొనుడు. ఆ వంటయింటిలో సైటోక్రోము-సి అను పనివాడు గలడు. కావలి తొలగి గోడకు రంధ్రములు పడినచో ఆ పనివాడు బయటికి వచ్చును, అదియే చావుకబురు. ఇంతవరకు అన్నము పెట్టినవాడే కత్తి దూయువారిని కూడగట్టును.

ఇక రాచపుండు మాట. మన గ్రామమున జనసంఖ్య పెరుగుటకు రెండు దారులు గలవు: పుట్టువారు హెచ్చుట, చచ్చువారు తగ్గుట. జననమరణముల దస్త్రము చూచినవారికి ఇది తెలిసినదే. రాచపుండును గూర్చి చిరకాలము మొదటి దారియే తలంపబడినది. కణములు మితిమీరి పుట్టుచున్నవి, వానిని ఆపవలెను అనిరి. రెండవ దారిని చూపినది బీసీఎల్-2. లింఫు గ్రంథులకు వచ్చు ఒకరకపు క్యాన్సరున 18వ క్రోమోసోములోని ముక్క తెగి 14వ క్రోమోసోమునకు అతుకుకొనుచున్నదనియు, ఆ తెగినచోట ఈ జన్యువున్నదనియు 1984లో ఫిలడెల్ఫియా నగరమున కనుగొనిరి. 14వ దానిలోని ఆ తావు, ఆ జాతి తెల్లకణములలో ఎడతెగక పనిచేయు చోటు. రేయింబవళ్లు నడచు బియ్యపుమర ప్రక్కకు నిద్రబోవువాని మంచము మార్చినట్లు, ఊరకుండవలసిన జన్యువు అక్కడ చేరి మెలకువతో పనిచేయుచునే యుండును. 1988లో మెల్బోర్నునందు డేవిడ్ వాక్స్ మొదలగువారు పరీక్షింపగా, బీసీఎల్-2 హెచ్చిన కణములు త్వరగా పెరుగలేదు. పోషణ తీసివేసినను చావక నిలిచినవి, అంతే. చావు మానుటయు రాచపుండునకు మూలము కావచ్చునని అప్పుడు స్పష్టమయ్యెను.

ఎగ్ల్-1 వంటి దూతలను మనలో మేల్కొలుపునది యొకటి గలదు. దాని పేరు పీ-53. కణపు వ్రాత చెడినపుడు, బాగుపడుటకు వీలుండినచో కణమును ఆపి బాగుపరచనిచ్చును. లేనిచో చావునకు ఆజ్ఞ పంపును. మనుష్యుల రాచపుండ్లలో ఇంచుమించు సగమునందు ఈ జన్యువే చెడియుండును. ఏనుగునకు మనకంటె ఎన్నోరెట్లు కణములున్నవి, ఆయువును దీర్ఘమే, అయినను రాచపుండు అరుదు. 2015లో తెలిసినదేమనగా, మనకు ఈ జన్యువు ఒక జతయుండగా ఏనుగునకు ఇరువది జతల వరకు గలవు. చెడిన కణము ఏనుగులో మనలోకంటె తొందరగా ప్రాణము విడుచును.

ఇచ్చట మనవాడొకని పేరు చెప్పక తప్పదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలయందు తయారుచేయించిన అమినాప్టెరిన్ అను మందును బోస్టనులో సిడ్నీ ఫార్బరు ల్యుకీమియా తగిలిన పిల్లలకు ఇచ్చెను. 1948లో ప్రకటించిన ప్రకారము 16 మందిలో 10 మందికి తాత్కాలికముగా నయము కనబడినది. దాని తమ్ముడని చెప్పదగిన మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. ఆ కాలమున అట్టి మందులు విషమువలె కణమును చంపుచున్నవని తలచిరి. నేడు తెలిసినది వేరు. మందు కణపు వ్రాతకు చెరుపు చేయును; ఆ చెరుపు చూచి తన్ను తాను చంపుకొనునది, తరచుగా, కణమే. అందుచేతనే పీ-53 చెడిన క్యాన్సరు చాల మందులకు లొంగదు. కొట్టినది తగిలినను, చచ్చుటకు వలయు ఆజ్ఞ నడువదు. ఏ మందు ఎందుకు పనిచేయలేదో తెలియక దుఃఖించిన కుటుంబములకు ఇది చిన్న సంగతి గాదు.

ఆజ్ఞ నడుపు దూత రానప్పుడు, దూతవేషము వేసికొన్న మందును పంపిన నేమి? ఈ తలంపుతో కొందరు శాస్త్రజ్ఞులు ఎగ్ల్-1 వంటి దూతలు కావలివానిని పట్టుకొను రీతిని రసాయనముతో అనుకరింపజూచిరి. మొదటి మందులలో నొకటి బీసీఎల్-2తో పాటు దాని సోదరుని కూడ పట్టుకొనెను. రక్తము గడ్డకట్టుటకు వలయు ప్లేట్లెట్లు ఆ సోదరుని నమ్ముకొని బ్రతుకునవగుటచే అవి తగ్గిపోయెను. మరల మార్చి మార్చి, బీసీఎల్-2ను మాత్రమే పట్టునది చేసిరి. వెనిటోక్లాక్సు అను ఈ మాత్రకు, వృద్ధులకు తరచుగా వచ్చు దీర్ఘకాలిక లింఫు ల్యుకీమియాలో పీ-53 గల క్రోమోసోము ముక్క పోయిన రోగులకై, 2016 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వము అనుమతి యిచ్చినది. గమనింపుడు: ఏ రోగులకు పాత మందులు పనిచేయుట లేదో వారికే ముందుగా నిచ్చిరి. పీ-53 లేకున్నను, కావలివానిని నేరుగా లాగివేయుటచేత కత్తి పైకి వచ్చును గదా. 2018లో, బలమైన చికిత్సకు తాళజాలని వృద్ధులకు వచ్చు వేరొక తీవ్రమగు ల్యుకీమియాలో మరియొక మందుతో కలిపి యిచ్చుటకును అనుమతి దొరికినది.

ఇది అన్ని రాచపుండ్లకును మందు గాదు. బీసీఎల్-2ను ఆనుకొని బ్రతుకు క్యాన్సరులకే పనిచేయును. కొందరిలో కొంతకాలమునకు కణములు వేరొక కావలివానిని చేరదీసికొనును. మరికొందరిలో బీసీఎల్-2 ఆకారమే మారి మందు పట్టు దొరకనీయదు. అప్పుడు రోగము మరల తలయెత్తును.

ఈ మాత్రతో ప్రథమమున వచ్చిన చిక్కు మాత్రము విచిత్రము. పనిచేయకపోవుట గాదు, మిక్కిలి త్వరగా పనిచేయుట. ఏండ్లతరబడి చావక కూడిన కణములు ఒక్కమారుగా కూలగా, వాని శిథిలములు రక్తములో చేరి మూత్రపిండములు తాళజాలక ప్రాణాపాయము సంభవించెను. ఒక్క కణము చచ్చినచో ప్రక్కవారు మ్రింగి సర్దుకొందురు. కోట్లకొలది ఒక్కనాడు చచ్చినచో ఎవరు సర్దగలరు? కాబట్టి దీర్ఘకాలిక ల్యుకీమియా రోగులకు వైద్యులు మొదటివారము దినమునకు 20 మిల్లీగ్రాములతో ఆరంభింతురు. రెండవవారము 50, మూడవవారము 100, నాలుగవవారము 200, అయిదవవారమునకు 400. ఆ దినములలో రోగిచేత నీరు సమృద్ధిగా త్రాగింతురు; రక్తము మాటిమాటికి పరీక్షింతురు.